నికోబారు కాపరి: బిషప్ జాన్ రిచర్డ్‌సన్

డిసెంబరు మాసము వచ్చునప్పటికి పోర్ట్ బ్లెయిర్ పట్టణములోని అంగళ్లు రంగుల నక్షత్రములతోను, ప్లాస్టిక్ చెట్లతోను, ఎఱ్ఱని టోపీలతోను నిండిపోవును. 2024లో ఆ పట్టణమునకు శ్రీ విజయపురమని క్రొత్త పేరు వచ్చినది. పేరు మారినను పండుగల వ్యాపారము మారలేదు. జంగ్లీఘాట్ ప్రాంతమున స్థిరపడిన తెలుగు మత్స్యకారుల ఇండ్లముందర కూడ నక్షత్రములు వ్రేలాడును. క్రిస్మస్ ముగియగానే నూతన సంవత్సరపు కేకులు, అటుపిమ్మట ఫిబ్రవరిలో ప్రేమికుల దినపు గులాబీలు, మే మాసమున తల్లుల దినపు కానుకలు అంగళ్లలోనికి వచ్చును. పరదేశముల పండుగలు ఒకదానివెంట ఒకటి మన గుమ్మములోనికి నడచివచ్చుచున్నవి. వీటిలో దేనిని చేర్చుకొనవలెను, దేనిని గుమ్మమువద్దనే నిలుపవలెను అను ప్రశ్న నేడు ప్రతి క్రైస్తవ కుటుంబమునకు కలుగుచున్నది.

ఆ పట్టణపు రేవునుండి దక్షిణముగా దాదాపు 270 కిలోమీటర్లు ఓడలో ప్రయాణము చేసినయెడల కార్ నికోబార్ ద్వీపము వచ్చును. అక్కడి జనులకు క్రిస్మస్ ఒకప్పుడు పూర్తిగా పరాయి పండుగ. నేడు అది వారి సొంత పండుగ. ఈ మార్పునకు దేవుడు సాధనముగా వాడుకొనిన మనుష్యుడు ఆ ద్వీపమునందే పుట్టినవాడు. ఆయనయే బిషప్ జాన్ రిచర్డ్‌సన్.

జననము, బాల్యము

పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున కార్ నికోబార్‌లోని ముస్ అను గ్రామమున ఒక బాలుడు జన్మించెను. తలిదండ్రులు అతనికి పెట్టిన పేరు హా చెవ్ కా. చుట్టును సముద్రము, ఒడ్డున కొబ్బరితోపులు, స్తంభములమీద నిలిపిన గుండ్రని పూరిండ్లు, వాటి క్రింద తిరుగుచుండు పందులు, ఇదియే అతడు కన్నులు తెరచి చూచిన లోకము. అక్కడ భూమి ఒక్కని సొత్తు కాదు. తుహెత్ అనబడు ఉమ్మడి కుటుంబమునకు అది చెందియుండెను. తోటలో పండినది, వలలో పడినది అందరును పంచుకొని తినుచుండిరి.

అయితే ఆ ద్వీపము లోకమునకు తెలియక మూలనుండిన స్థలము కాదు. బర్మా, మలయా, మాల్దీవులు మొదలగు ప్రాంతముల వర్తకులు, భారతదేశపు వర్తకులు కొబ్బరికొరకు అక్కడికి వచ్చుచుండిరి. అక్కడ నాణెములు చెల్లవు, కొబ్బరికాయయే నాణెము. కత్తికి ఇన్ని కాయలు, గుడ్డకు ఇన్ని కాయలు, పొగాకునకు ఇన్ని కాయలు అని వెల కట్టుచుండిరి. కొందరు వర్తకులు సరకును ముందుగా అప్పు ఇచ్చి, రాబోవు సంవత్సరముల పంటను వ్రాయించుకొనుచుండిరి. లెక్కలు తెలియని ఆ ప్రజలు అప్పులో మునిగిపోవుచుండిరి.

వర్తకులు తెచ్చిన సరకులలో అవసరమైనవి ఉన్నవి, అక్కరలేనివియు ఉన్నవి. తెల్లవారి పాత కోటులు, పొడవాటి టోపీలు అనగా ద్వీపవాసులకు మిక్కిలి మోజు. మొలకు గోచి తప్ప మరేమియు లేని మనుష్యుడు తలపై నల్లని పొడవాటి టోపీ ధరించి, ఓడలకు ఎదురుగా పోవుట ఆనాటి యాత్రికులు చూచి వ్రాసిరి. వెండి చెంచాలు, ఫోర్కులు సంపాదించి చనిపోయినవారి సమాధులమీద వ్రేలాడదీయుచుండిరి. ఓడల కెప్టెన్లు వేళాకోళముగా పెట్టిన ఇంగ్లీషు పేర్లను గొప్పగా భావించి ఉంచుకొనుచుండిరి. ఇంగ్లాండు మిత్రుడు అను అర్థము గల పేరుతో తిరిగిన పెద్దమనుష్యుడును అక్కడ నుండెను. పరదేశపు వస్తువు, పరదేశపు పేరు, పరదేశపు వేషము ఈ విధముగా క్రీస్తు సువార్తకంటె ముందే ఆ ద్వీపమును చేరెను. వాటివలన వారి బ్రతుకు బాగుపడలేదు. వారి కొబ్బరికాయలు మాత్రము ఓడలలోనికి ఎక్కెను.

సొలొమోను ఉపదేశి బడి

1890ల దశకమున వేదప్పన్ సొలొమోను అను ఉపదేశి ముస్ గ్రామమునకు వచ్చెను. ఆయన మద్రాసు ప్రాంతపు క్రైస్తవుడు. అంతకుముందు పోర్ట్ బ్లెయిర్‌లో నికోబారు బాలురమధ్య పని చేసెను. ప్రభుత్వపు ప్రతినిధిగా ఉండుచు ఆయన ముస్‌లో బడి పెట్టి, రోగులకు మందులిచ్చి, సువార్త చెప్పెను. ఆ కాలమున ఆ ద్వీపమున భయంకరమైన ఆచారమొకటి ఉండెను. ఎవనికైనను దయ్యము పట్టినదని గ్రామస్థులు తీర్మానించినయెడల అతనిని రాత్రివేళ పట్టి చంపివేయుచుండిరి. ఇట్టి హత్యలనుగూర్చి సొలొమోను తన దినచర్యలో వ్రాసియుంచెను.

ఆ బడిలో చేరిన పిల్లలలో హా చెవ్ కా ఒకడు. బాలుని తెలివిని గుర్తించినవారు అతనిని బర్మాలోని మాండలే పట్టణమునకు పంపగా, అక్కడి మిషను పాఠశాలలో చదువుకొనెను. బాప్తిస్మమందు అతనికి జాన్ రిచర్డ్‌సన్ అను పేరు వచ్చెను. ఇదియు ఇంగ్లీషు పేరే. ఓడవారు వేళాకోళముగా ఇచ్చిన పేర్లకు, ఈ పేరునకు గల భేదము పేరులో లేదు, దానిని ధరించినవాని జీవితములో కనబడెను.

మాండలేలో చదివిన యువకునికి బర్మాలోనే ఉద్యోగము దొరికియుండును. అయినను 1912లో ఆయన తన ద్వీపమునకు తిరిగి వచ్చెను. కొబ్బరితోపుల మధ్య చిన్న బడిలో ఉపాధ్యాయుడుగా నిలిచెను.

సొంత భాషలో సువార్త

రిచర్డ్‌సన్ చేసిన కార్యములలో మిక్కిలి గొప్పది ఆయన భాషాసేవ. నికోబారీ భాషకు లిపి లేదు. ఇంగ్లీషు అక్షరములతోనే దానిని వ్రాయవలసివచ్చెను. బర్మాలోను నికోబారులోను పని చేసిన జార్జి వైట్‌హెడ్ అను మిషనరీ ఆ భాషకు నిఘంటువు కూర్చగా, అది 1925లో రంగూనులో అచ్చయ్యెను. రిచర్డ్‌సన్ క్రొత్త నిబంధనను తన జనుల భాషలోనికి తర్జుమా చేసెను.

ఆయన ఇంగ్లీషు చదువుకొనినవాడు. పిల్లలకు ఇంగ్లీషు ప్రార్థనలు కంఠస్థము చేయించి, అర్థము తెలియకపోయినను పలికించియుండవచ్చును. అది సులభమైన మార్గము. కాని తల్లి తన బిడ్డను పిలుచు మాటలలోనే దేవుడు తన బిడ్డలను పిలువవలెనని కోరువాడే సంవత్సరముల తరబడి కూర్చుండి తర్జుమా చేయును. అక్షరములు పరదేశపువి, మాట మాత్రము వారిది. పాత్ర బయటినుండి వచ్చినను అందులోని నీరు తమ బావిలోనిదైనట్లు, ఆ జనులు దానిని తమదిగా గుర్తించిరి. అపొస్తలుల దినములలో యెరూషలేములో కూడిన పెద్దలు, అన్యజనులు క్రీస్తును చేరుటకు ముందుగా యూదులు కానక్కరలేదని నిర్ణయించిరి. నికోబారువాడు క్రైస్తవుడగుటకు ఇంగ్లీషువాడు కానక్కరలేదను సత్యము ఆ తర్జుమాలో అడుగడుగున పలికెను.

1930ల దశకమున ఆయన గురువుగా అభిషేకము పొందెను. సంఘము అప్పటికి చిన్నదే. ద్వీపములో అధికసంఖ్యాకులు పూర్వాచారములలోనే ఉండిరి.

అగ్నిపరీక్ష

1942 మార్చిలో జపాను సైన్యము పోర్ట్ బ్లెయిర్‌ను పట్టుకొనెను. అదే సంవత్సరము నికోబారు ద్వీపములును వారి వశమాయెను. కార్ నికోబార్‌లో విమానాశ్రయము కట్టుటకు ద్వీపవాసులచేత నిర్బంధముగా పని చేయించిరి. యుద్ధము తమకు ఎదురు తిరుగుచుండగా జపానువారికి అనుమానము పెరిగెను. శత్రువులకు రహస్యముగా సంకేతములు పంపుచున్నారను నేరముమీద అనేకులను పట్టి, హింసించి, చంపిరి. చదువుకొనినవారిమీదను, ఇంగ్లీషు తెలిసినవారిమీదను వారి దృష్టి మొదట పడెను.

రిచర్డ్‌సన్‌ను చెరలో వేసి మరణశిక్ష విధించిరి. ఆయన కన్నకుమారుడు ఆ హింసకు బలియయ్యెను. తండ్రికి విధించిన శిక్ష అమలు జరుగకమునుపే 1945లో జపాను లొంగిపోయెను. చావు గుమ్మమువరకు పోయి ఆయన తిరిగి వచ్చెను. ఇల్లు ఉన్నది గాని కుమారుడు లేడు. సంఘము ఉన్నది గాని దానిలో అనేకుల స్థలములు ఖాళీగా ఉండెను.

ఆ దినములలో ద్వీపవాసులు ఆయనను చూచిరి. పరదేశపు పేరు, పరదేశపు మతము అని కొందరు అనుకొనిన దానికొరకు ఆయన ఎంత వెల చెల్లించెనో కన్నులార చూచిరి. యుద్ధము ముగిసిన తరువాత కొలది సంవత్సరములలోనే కార్ నికోబార్ ద్వీపము దాదాపుగా అంతయు క్రీస్తును అంగీకరించెను. బయటినుండి ధనము వచ్చినందున కాదు, తమవాడొకడు తమతోకూడ శ్రమపడినందుననే ఆ తలుపు తెరువబడెను.

బిషప్, పార్లమెంటు సభ్యుడు

1950లో రిచర్డ్‌సన్ సహాయ బిషప్‌గా ప్రతిష్ఠింపబడెను. 1952లో రాష్ట్రపతి ఆయనను మొదటి లోక్‌సభకు అండమాన్ నికోబార్ ద్వీపముల ప్రతినిధిగా నియమించెను. పూరిపాకలో పుట్టిన బాలుడు ఢిల్లీ నగరములో దేశపు చట్టసభయందు కూర్చుండెను. ఆయన సభ్యుడుగా ఉన్న కాలముననే, 1956లో, ఆ ద్వీపముల గిరిజనుల రక్షణకొరకు ప్రత్యేక నిబంధన వచ్చెను. బయటివారు అనుమతి లేక ఆ గిరిజన ప్రాంతములలో ప్రవేశింపకూడదని అది శాసించెను. పూర్వము అప్పుల లెక్కలతో తోటలను వశపరచుకొనిన విధానమునకు అట్టి అడ్డుకట్ట ఎంత అవసరమో ఆ ద్వీపపు బిడ్డకు చెప్పనక్కరలేదు.

1966లో అండమాన్ నికోబార్ ద్వీపములు ప్రత్యేక డయోసిస్ కాగా, ఆయన దానికి మొదటి బిషప్ ఆయెను.  1970లో ఉత్తర హిందూస్థాన సంఘము ఏర్పడినప్పుడు ఆ డయోసిస్ దానిలో చేరెను. భారత ప్రభుత్వము ఆయనకు 1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ బిరుదములనిచ్చి గౌరవించెను. 1978లో ఆయన ప్రభువునందు నిద్రించెను. కార్ నికోబార్‌లోని ప్రభుత్వాసుపత్రి నేటికిని ఆయన పేరుతోనే పిలువబడుచున్నది.

పందుల విందు, ప్రభువు పండుగ

పూర్వకాలమున నికోబారువారికి గొప్ప పండుగ చనిపోయినవారికి సంబంధించినది. సమాధులు త్రవ్వి, పితరుల ఎముకలు పైకి తీసి, పందులను వధించి, గ్రామములకు గ్రామములను పిలిచి విందు చేయుచుండిరి. దానికొరకు కుటుంబములు ఏండ్ల తరబడి పందులను పెంచుచు, కందలు పండించుచు సిద్ధపడుచుండిరి. సముద్రముమీద దోనెల పందెములు, ఇసుకమీద కుస్తీలు, ఒకరి భుజములమీద ఒకరు చేతులు వేసుకొని వలయాకారముగా చేయు పాటలు, నాట్యములు వారి సొత్తు.

సువార్త వచ్చినప్పుడు వీటిలో దేనిని విడువవలెను? దయ్యము పట్టినదని మనుష్యుని చంపు ఆచారము పోవలెను, అది పోయెను. మృతులకు భయపడి చేయు క్రియలు క్రమముగా తగ్గిపోయెను. కాని దోనెల పందెములు నిలిచెను, కుస్తీలు నిలిచెను, ఉమ్మడి విందు నిలిచెను, గ్రామము గ్రామమును పిలుచు ఆతిథ్యము నిలిచెను. క్రిస్మస్ వచ్చినప్పుడు అది ఆ విందులోనికి, ఆ పాటలోనికి, ఆ ఆతిథ్యములోనికి వచ్చి కూర్చుండెను. తోటలో త్రవ్విన కందలు, మొగలి జాతి చెట్టు పండ్లను ఉడికించి చేసిన ముద్ద, ఇంట పెంచిన పంది, తోపులోని కొబ్బరి, ఇవియే పండుగ సామగ్రి. పాటకులు తమ భాషలో కీర్తనలు పాడుదురు. పండుగ పరదేశపుది, విందు మాత్రము వారి చేతులది.

ఈ సంగతి క్రైస్తవ చరిత్రకు క్రొత్త కాదు. క్రిస్మస్ ఇంగ్లాండు దేశమునకు కూడ ఒకప్పుడు పరదేశపు పండుగయే. 597లో రోమునుండి అగస్టీను అను మిషనరీ ఆ దేశమునకు పోయెను. 601లో రోము బిషప్ గ్రెగరీ అక్కడి పనివారికి ఒక లేఖ వ్రాసి, ఆ జనులు పూర్వము దేవతలకు వధించుచుండిన ఎద్దులను ఇకమీదట దేవుని స్తుతించుచు వధించి విందు చేసికొననిమ్మని సలహా చెప్పెను. ఆలయములను పడగొట్టక విగ్రహములను మాత్రము తీసివేయవలెననియు తెలిపెను. నికోబారు ద్వీపములలో పదమూడు శతాబ్దముల తరువాత అదే మార్గము కనబడినది.

మన ఆంధ్రదేశమునందును ఇట్లే జరిగెను. పురుషోత్తమ చౌదరి మొదలగు భక్తులు ఇంగ్లీషు రాగములనే నమ్ముకొనక, మన రాగతాళములలో కీర్తనలు వ్రాసినందున క్రీస్తు జననము తెలుగువాని నోట తెలుగు పాటయాయెను. పొలములో పండిన తొలి పంటను బస్తాలకెత్తి మందిరమునకు తెచ్చు కోతకాలపు పండుగయు అట్టిదే.

పండుగకు వెల

సువార్తకంటె ముందే ఓడలు తెచ్చిన పొడవాటి టోపీని మరల తలంచుదము. టోపీ ధరించిన నికోబారువాడు ఆ టోపీలో తనదైనదేదియు పెట్టలేదు, కొబ్బరికాయల లెక్క తప్ప. అందుచేత అది అతనికి అలంకారమే గాని ఆస్తి కాలేదు. నేడు అంగడిలో కొనుచున్న కొన్ని దినములు అటువంటి టోపీలే. పరదేశమునందు పుట్టుట వాటి దోషము కాదు. మన చేతులు, మన కన్నీరు, మన పాట వాటిలో లేకపోవుటయే లోపము.

తల్లుల దినపు చరిత్ర ఇందుకు సాక్ష్యము. అమెరికాలోని గ్రాఫ్టన్ పట్టణమున ఒక మెథడిస్టు మందిరములో 1908లో అన్నా జార్విస్ అను స్త్రీ తన తల్లి జ్ఞాపకార్థము ఆరాధన ఏర్పాటు చేసెను. 1914లో ఆ దేశాధ్యక్షుడు దానిని జాతీయ దినముగా ప్రకటించెను. ఆమె కోరినది ఒక తెల్లని పువ్వు, తల్లికి చేతితో వ్రాసిన ఉత్తరము, ఒక ప్రార్థన. పూల వర్తకులును, కార్డులు అచ్చువేయువారును దానిని వ్యాపారముగా మార్చగా, ఆమె తన శేషజీవితమంతయు, ఆస్తియంతయు ఆ వ్యాపారమునెదిరించుటలో వెచ్చించి, 1948లో దీనస్థితిలో మరణించెను. పండుగను కన్న తల్లియే తన బిడ్డను గుర్తుపట్టలేకపోయెను.

నికోబారు ద్వీపములును ఈ శోధనకు వెలుపల లేవు. 2004వ సంవత్సరపు క్రిస్మస్ శనివారమున వచ్చెను. ఆ మరునాడు ఆదివారము ఉదయమున భూమి కంపించి, సముద్రము లేచి, కార్ నికోబార్ తీరగ్రామములను తుడిచిపెట్టెను. పండుగకు కూడియుండిన కుటుంబములు ఒక్క గడియలో చెదరిపోయెను. మిగిలినవారు రేకుల షెడ్లలో తలదాచుకొనిరి. అటుపిమ్మట వచ్చిన పరిహారపు ధనము వ్యక్తుల పేర్లమీద నగదుగా వచ్చినందున, ఉమ్మడిగా పంచుకొను తుహెత్‌లకు క్రొత్త పరీక్ష ఏర్పడెను. దానివెంట మోటారు సైకిళ్లు, టెలివిజన్లు, అంగడి సామాను ఆ ద్వీపములోనికి వెల్లువగా వచ్చెను. పూర్వపు ఓడలు మరల వచ్చినట్లాయెను. అయినను తమ భాషలో ప్రభువును స్తుతించు పాట ఆ జనులు విడువలేదు. అలలు ఇండ్లను కొట్టుకొనిపోయెను గాని, రిచర్డ్‌సన్ తర్జుమా చేసిన వాక్యము వారి నోటనే నిలిచియుండెను.

ప్రియ చదువరులారా, ఈ దైవజనుని జీవితము మనకొక కొలతబద్దను చూపుచున్నది. బయటినుండి వచ్చు పండుగ మన గుమ్మమువద్ద నిలిచినప్పుడు, అది ఏ దేశపుదని మాత్రమే అడిగి ఊరకుండరాదు. అది మననుండి ఏమి కోరుచున్నదని అడుగవలెను. సొమ్ము మాత్రమే కోరునది వచ్చినట్లే వెళ్లిపోవును. పొరుగువానిని పిలువుమని, తల్లిదండ్రులను సన్మానించుమని, బీదవానికి వడ్డించుమని, మన భాషలో దేవుని స్తుతించుమని కోరునది మన ఇంటిదగును.

బేత్లెహేమునకు దూరదేశమునుండి జ్ఞానులు వచ్చిరి. వారును పరదేశులే. వారు తమ దేశపు పంటను, తమ పెట్టెలలోని కానుకను తెచ్చి శిశువు పాదములయొద్ద పెట్టిరి. నికోబారువారు తమ కొబ్బరిని, కందను, పాటను తెచ్చిరి. ఈ సంవత్సరము మన ఇంటినుండి, అంగడిలో కొననిది ఒక్కటైనను ఆయనకొరకు సిద్ధపరతము గాక.